అక్షరము రాని తల్లి ఏమి నేర్పగలదు?



ఇటీవల రాజాం చెంత ఒక పల్లెలో ఒక తల్లి మమ్మును, "అయ్యగారూ, నాకు అచ్చరం ముక్క రాదు. నా పిల్లకు నానేటి నేర్పగలను?" అని అడిగినది. "మాస్టారు చూచుకొందురులే అమ్మా" అని చెప్పి వచ్చితిమి. ఇల్లు చేరిన పిదప ఆ జవాబు మా మనస్సును గ్రుచ్చినది. ఆమె చేయదగిన పనిని ఆమె చేతిలోనుండి మేమే తీసివేసితిమి గదా!

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయము చూడుడి. బిడ్డలకు బోధింపవలెనను ఆజ్ఞ ఇశ్రాయేలు జనులందరికిని ఈయబడెను. ఇంటను దారిలోను, రాత్రియు ఉదయమును దేవుని మాటలు పలుకుట అక్కడ ముందు చెప్పబడినది. గుమ్మముమీద వ్రాయుట తరువాత వచ్చినది. పసిపిల్లల చదువును ఈ వరుసనే నడచును. చెవికి తెలిసిన మాటను కన్ను త్వరగా పోల్చుకొనును. ఎన్నడును వినని మాటను కూడబలికినను అర్థము తోచదు.

1863లో శ్రీకాకుళము చెంత పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఇది ఎరిగినవారు. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి, సవర భాష నేర్చి, సవర బిడ్డలకు వారి యింటి భాషలోనే వాచకములు వ్రాసిరి.

అయితే పగలంతయు పొలములోనో జనుపనార మిల్లులోనో కష్టపడిన తల్లిమీద మరియొక బరువు మోపుట న్యాయమా? న్యాయము కాదు. అక్షరములు నేర్పు బాధ్యత బడిదే. కాని పొయ్యి యొద్ద కూర్చుండి, "నేడేమి చదివితివి? నాకు చదివి వినిపించు" అని అడుగుటకు వేరే వేళ అక్కరలేదు. కథ చెప్పుచు నడుమ ఆపి, "తరువాత ఏమైనదో నీవు చెప్పు" అనవచ్చును. వాకిటి ఇసుకలో బిడ్డ తన పేరు వ్రాయగా ప్రక్కన కూర్చుండవచ్చును.

2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ బడి యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సంరక్షకులే యుండవలెను. చదువు రానివారు అందులో కూడదని ఆ చట్టము చెప్పలేదు. కావున సిగ్గుపడక బడికి వెళ్లి, బిడ్డ ఎంతవరకు చదువగలుగుచున్నదో అడుగుడి.

కూలికై విశాఖకో హైదరాబాదుకో పోయినవారి పిల్లలు అవ్వల యొద్ద పెరుగుచున్నారు. అవ్వలారా, అధైర్యపడకుడి. పౌలు తిమోతి విశ్వాసమును తలంచినప్పుడు మొదట అతని అవ్వయైన లోయిని, పిదప తల్లియైన యునీకేను పేర్కొనెను (2 తిమోతి 1:5).

చదువు వచ్చిన యౌవనులారా, వారమునకు ఒక సాయంత్రము ఇట్టి యిండ్లకు వెళ్లి పిల్లలు చదువగా వినుడి. మేమును ఈ వారమే ఆ తల్లి యొద్దకు మరల వెళ్లి, మా మాట తప్పని ఒప్పుకొందుము.