సంతానాపేక్ష

2024 ఏప్రిలు 19వ తేదీన మొయినాబాదు మండలములోని చిలుకూరునకు పోవు బాటలు బండ్లతో నిండి, గంటల తరబడి కదలిక లేక నిలిచిపోయినవి. బాలాజీ బ్రహ్మోత్సవములలో గరుడ ప్రసాదమును సంతానము లేని స్త్రీలకు పంచిపెట్టెదరను వార్త ఫోనులలో ప్రాకి, లక్షకు పైగా జనము వచ్చిరని పత్రికలు వ్రాసినవి. ఎందఱో ఎండలో నిలిచి నిలిచి వట్టిచేతులతో మరలిపోయిరి.

ఆనాడు నగరములోని చదువుకొన్నవారు కొందఱు నవ్విరి. కార్యాలయములకు ఆలస్యమైనవారు కోపపడిరి. మాకు నవ్వు రాలేదు. దేవునియొద్దకు పోవువారందఱు వైద్యమెఱుగనివారనుకొనుట మనవారి పొరపాటు. పరీక్షలన్నియు చేయించుకొని, ఉన్న సొమ్మంతయు వ్యయపఱచి, చివరకు అచటికి చేరినవారు ఆ గుంపులో ఎందఱుండిరో! మేము గమనించినది వేఱొకటి. ప్రసాదము స్త్రీలకు. భర్త తోడు వచ్చినవాడు మాత్రమే.

మన భాషలో గొడ్రాలను మాట యున్నది. ఆ మాట పడిన స్త్రీని సీమంతపు పేరంటమునకు పిలువరు. పిలిచినను ముందు నిలువనీయరు. సంతానము లేని మగవానికి అట్టి పేరు వాడుకలో లేదు. పెద్దవారిలో ఆఱుగురికి ఒకరు జీవితములో నెప్పుడో ఒకప్పుడు సంతానలేమిని అనుభవింతురని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించెను. కారణము భార్యయందుండవచ్చును, భర్తయందుండవచ్చును, ఇద్దఱియందు నుండవచ్చును. భర్తకు చేయవలసిన తొలి పరీక్షలో కోత లేదు, నొప్పి లేదు. ఐనను భార్యను నాలుగు ఆసుపత్రులు త్రిప్పిన పిమ్మటగాని దానికి ఒప్పుకొనని యిండ్లను మేమెఱుగుదుము.

కావున సాయము కోరు దంపతులు ముందుగా ఒక ప్రశ్న వేసికొనవలయును. మనకు కావలసినది బిడ్డయా, లేక ఆ మాట వినబడకుండుటయా? ఈ రెండు కోరికలును ఒక్క మనసులోనే కలిసియుండును, విడదీయుట కష్టము. కాని రెండవదియే బలవత్తరమైనచో బిడ్డ ఎక్కడిదైనను ఫరవాలేదు, ఎవరిదైనను ఫరవాలేదు, రహస్యముగా చేతికి వచ్చిన చాలును అను స్థితి యేర్పడును. దళారులకు కావలసినది సరిగా అదియే.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె మేలని మేము చెప్పజాలము. మనుస్మృతి పండ్రెండు విధములైన పుత్రులను లెక్కించినది. వారిలో దత్తుడున్నాడు, సొమ్మిచ్చి కొన్న క్రీతుడును ఉన్నాడు! పిండమునకు, ఆస్తికి, వంశమునకు కొడుకు కావలసెను. ఆ కొడుకునకు ఏమి కావలయునో అడిగినవారు అరుదు. కూతురును దత్తత చేసికొను హక్కు హిందువులకు స్పష్టముగా లభించినది 1956 నాటి చట్టముతోనే. ఇతిహాసము ధర్మశాస్త్రముకంటె ఉదారమైనది. రాధ ఏ హోమమును చేయలేదు. ఏటిలో కొట్టుకొనివచ్చిన పెట్టెలోని పసివానిని ఎత్తుకొన్నది. ఆ పసివాడు తన జన్మరహస్యము తెలిసిన తరువాతను రాధేయుడుగానే నిలిచెను.

వైద్యము చేయు సాయమును మేము తక్కువ చేయము. శరీరము వెలుపల ఫలదీకరణము పొందిన తొలి శిశువు 1978 జూలైలో ఇంగ్లండున జన్మించెను. ఆ అక్టోబరులోనే కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషివలన దుర్గ జన్మించెను. (ఆయన మాటను నమ్మక అవమానించిరి. 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను. ఇది వేఱుగా వ్రాయదగిన సిగ్గుకథ.) 2019లో గుంటూరున డెబ్బదియేండ్లు దాటిన యొక స్త్రీ ఈ పద్ధతినే కవలలను కన్నది. ఆమెను నిందించుటకు మాకు నోరు రాదు; అన్ని యేండ్లు ఆమె ఏయే మాటలు వినియుండెనో మనకేమి తెలియును? ఐనను ఆ పసివారికి ఇరువదియేండ్లు వచ్చునప్పటికి ఎవరుందురను ప్రశ్న న్యాయమైనదే. 2021 నాటి చట్టము ఇట్టి చికిత్సకు స్త్రీకి ఏబది, పురుషునకు ఏబదియైదు ఏండ్లను ఎల్లగా నిర్ణయించినది. ఆ ఏడాదియే వచ్చిన మఱియొక చట్టము ప్రకారము, ఒకరి బిడ్డను తన గర్భమున మోయు స్త్రీకి వైద్యవ్యయము, బీమా తప్ప ప్రతిఫలమీయరాదు. ఆమె జీవితములో ఒక్కమాఱే ఆ పని చేయవలయును. ఆపదలో నున్న పేదరాలి గర్భము అద్దెకు దొరకు వస్తువు కారాదని దాని భావము.

చట్టమున్నంతమాత్రమున అంగడి మూతపడునా? 2025 జూలైలో సికిందరాబాదున బయటపడిన యొక ఉదంతమున, గర్భము మోయించి కనిపించిన మీ బిడ్డయే యని దంపతులకు ఒక శిశువును అప్పగించిరనియు, డీఎన్ఏ పరీక్షలో అది వారి బిడ్డ కాదని తేలెననియు, నిజమునకు అస్సాము నుండి వచ్చిన పేదలయొద్ద కొన్న శిశువనియు పోలీసులు తెలిపిరి. క్రీతపుత్రుడు మరల వచ్చెనన్నమాట.

ఇది క్రొత్తది కాదు. ఇదే మొయినాబాదు, చేవెళ్లల బాటను పట్టి పడమరగా పోయినచో తాండూరు వచ్చును. 1999లోను 2001లోను ఈ ప్రాంతపు లంబాడీ తండాలలో దళారులు కొద్దిపాటి రూకలకు ఆడశిశువులను సేకరించి, దత్తత పేరున విదేశములకు పంపుచున్నారను సంగతి బయటపడి రాష్ట్రమంతయు గగ్గోలు పుట్టినది. విదేశమున బిడ్డనెత్తుకొన్న తల్లి తాను అనాథను రక్షించితిననియే నమ్మెను. తండాలోని తల్లి మాట అడిగినవారు లేరు.

ఇప్పటి దత్తతవిధానము ఆలస్యమని మా స్నేహితులు విసుగుకొందురు. నిజమే, కేంద్ర దత్తత సంస్థయొద్ద పేరు నమోదు చేయించుకొని, సాంఘిక కార్యకర్త ఇల్లు చూచిపోయిన పిమ్మట, ఏండ్లకొలది వేచియుండవలసి వచ్చుచున్నది. అందులో కొంత అధికారుల అలసత్వము. దానిని మేము సమర్థింపము. కాని కొంత ఆలస్యము వేఱు జాతిది. కన్నతల్లి శిశుసంక్షేమ సమితి యెదుట బిడ్డను ఒప్పగించిన తరువాత, మనసు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలలు గడువుండును. తొట్టెతో సిద్ధముగా నున్న యింటికి అవి బరువైన రెండు నెలలు. తండా తల్లికి ఆ గడువు దొరకలేదు.

ఈనాడు జిల్లా మేజిస్ట్రేటు ఉత్తరువుతో ఇంటికి వచ్చిన బిడ్డ పెద్దదై తన మూలమును వెదకగోరినచో, కన్నవారి యిష్టానిష్టములకు లోబడి, సాయపడుటకు నియమములు కలవు. ఆసుపత్రి వెనుక వాకిట చేతులు మారిన బిడ్డకు అడుగుటకు కచ్చేరియు లేదు, చూచుటకు కాగితమును లేదు.