ఇల్లు అమ్మేటప్పుడు ఏది చెప్పాలి? ఏది దాచవచ్చు?

హైదరాబాదులోని లాలాపేట్ నుండి తార్నాక వైపు వెళ్ళే వీధుల్లో పాత ఇళ్ళూ కొత్త అపార్ట్‌మెంట్లూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం, మరోవైపు రైల్వే క్వార్టర్లు, పరిశోధనా సంస్థలు. 2017 నవంబరులో తార్నాకకు మెట్రో రైలు కూడా వచ్చింది. ఇలాంటి చోట ఇల్లు కొనేవారికి కొదవ ఉండదు. కాని అమ్మేవారు కూడా ఎక్కువే. అందుకే పాత ఇల్లు అమ్ముకోదలచిన వ్యక్తి మనసులో ఒక పోరాటం మొదలవుతుంది.

ఉదాహరణకు ఒక ఇంటిని ఊహించుకుందాం. నూట ఇరవై గజాల స్థలం, ముప్ఫై ఏళ్ళ నాటి కట్టడం. యజమాని రిటైరయ్యారు. కూతురి నికాహ్ దగ్గరపడింది. వెనుక గదిలో ప్రతి వానాకాలం స్లాబు కారుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు ఎండిపోతుంది. అదే వీధిలో మరో రెండు ఇళ్ళు అమ్మకానికి ఉన్నాయి. బ్రోకరు వచ్చి, “భాయ్‌సాబ్, ఆ గదికి పుట్టీ పెట్టించి మంచి రంగు వేయించండి. మార్చిలోపే బేరం కుదుర్చుకుందాం. బోరు సంగతి వాళ్ళు అడిగినప్పుడు చూద్దాం లెండి” అన్నాడు.

గమనించండి. అబద్ధం చెప్పమని అతను అనలేదు. ఊరుకోమన్నాడు, అంతే. ఐదు పూటలా నమాజు చేసే ఆ పెద్దమనిషికి ఇప్పుడు ఒక ప్రశ్న ఎదురయింది: నోరు విప్పకుండా ఊరుకోవటం కూడా పాపమేనా?

ముందుగా ధర సంగతి చూద్దాం. తన సొత్తుకు తగిన ధర అడగటం ఇస్లాంలో తప్పు కాదు. మదీనాలో ధరలు పెరిగినప్పుడు, వాటిని నిర్ణయించమని ప్రజలు దైవప్రవక్త (స)ను కోరారు. ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్‌యేనని, ఎవరికీ అన్యాయం చేసిన భారం లేకుండా తన ప్రభువును కలుసుకోవాలన్నదే తన కోరిక అని ఆయన సమాధానమిచ్చారు. కనుక చుట్టుపక్కల ఇళ్ళు ఎంతకు అమ్ముడుపోయాయో విచారించి, రోడ్డు వెడల్పు, కట్టడం వయసు, నీటి వసతి చూసుకుని ధర చెప్పవచ్చు. బేరానికి కొంత చోటు ఉంచుకోవచ్చు. కాని ఎవరూ అడగకపోయినా “నిన్ననే ఒక పార్టీ ఇంత ఇస్తామంది” అనటం అబద్ధం. కొనే ఉద్దేశం లేని మిత్రుణ్ణి పంపి ధర పెంచించటాన్ని దైవప్రవక్త (స) స్పష్టంగా వారించారు. దానినే ‘నజష్’ అంటారు. ఒట్లు సరుకును అమ్మిపెడతాయేమో గాని బర్కత్‌ను తుడిచిపెడతాయని కూడా హెచ్చరించారు.

ఇల్లు అమ్మకం గురించే బుఖారీ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. హజ్రత్ అబూ రాఫె (రజి)కు హజ్రత్ సఅద్ (రజి) ఆవరణలో రెండు ఇళ్ళు ఉండేవి. వాటిని కొనమని ఆయన సఅద్ (రజి)నే అడిగారు. సఅద్ (రజి) నాలుగు వేలు, అదీ వాయిదాల మీద ఇస్తానన్నారు. అప్పటికే ఇతరులు ఐదు వందల దీనార్లు ఇవ్వజూపారు. ఆనాటి లెక్కలో అదే ఎక్కువ. అయినా పొరుగువానికే ఎక్కువ హక్కు ఉందని దైవప్రవక్త (స) నోట విన్నందువల్ల అబూ రాఫె (రజి) తక్కువ ధరకే ఆయనకు ఇచ్చేశారు. మార్కెట్టు చెప్పే ధర కంటే బరువైన మాట మరొకటి ఉందని ఆయన చేసి చూపారు.

ఇక ఇంటిని సిద్ధం చేయటం. ఊడ్చి కడగటం, విరిగిన తలుపు బాగు చేయించటం, సున్నం వేయించటం, అడ్డంగా ఉన్న పాత సామాను తీసేయటం ఇవన్నీ ధర్మసమ్మతమే. వీటివల్ల ఇల్లు నిజంగానే బాగుపడుతుంది. కాని కారుతున్న స్లాబు కింద వేసిన పుట్టీ వల్ల ఇల్లు ఏమాత్రం బాగుపడదు. కొనేవాడి కంటికి మాత్రం గంతలు కడుతుంది. గీత ఇక్కడే ఉంది. ‘ఈ ఒక్క గోడకే కొత్త రంగు ఎందుకు వేశారు?’ అని అడిగితే తడబడకుండా నిజం చెప్పగలరా? చెప్పగలిగితే అది అలంకరణ. చెప్పలేకపోతే అది మోసం.

మరి మౌనం? ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వాన పడి తడిసిందని వ్యాపారి చెప్పాడు. జనం చూసేలా ఆ తడిసిన ధాన్యాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడు తనవాడు కాడని ప్రకటించారు. (ముస్లిం)

ఈ హదీసు గురించి కాస్త ఆలోచించండి. ఆ వ్యాపారి అబద్ధమాడలేదు. అడిగిన వెంటనే నిజం చెప్పాడు. వాన పడటం అతని తప్పూ కాదు. ‘కొనేవాడే చేయి పెట్టి చూసుకోవాలి’ అని అతనూ వాదించగలిగేవాడు. అయినా దైవప్రవక్త (స) దానిని మోసమనే అన్నారు. అంటే లోపాన్ని తెలిసి తెలిసి అడుగున ఉంచి నోరు మెదపకపోవటమే మోసం. లోపం ఉన్న వస్తువును ఆ లోపం చెప్పకుండా సోదరునికి అమ్మటం ధర్మసమ్మతం కాదని మరో హదీసులో ఉంది. (ఇబ్నె మాజా)

దేశ చట్టం కూడా దాదాపు ఇదే చెబుతోంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 55వ సెక్షను ప్రకారం, అమ్మేవానికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని తప్పక చెప్పాలి. హక్కు పత్రాల్లోని లోపమైనా అంతే. తండ్రి వదిలి వెళ్ళిన ఇంట్లో అక్కచెల్లెళ్ళ వాటా తేల్చకుండా అమ్మితే అది కొనేవానికీ అన్యాయం, వారసులకూ అన్యాయం.

‘కొనేవాడు మన సోదరుడు కాడు కదా, వేరే మతస్థుడు’ అని కొందరు అనుకోవచ్చు. మక్కా అవిశ్వాసులు తన ప్రాణం తీయాలని చూస్తున్న రాత్రి కూడా, వారు తన వద్ద దాచుకున్న అమానతులు తిరిగి అప్పగించటానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచిన ప్రవక్త (స) అనుచరులం మనం. ఆ మాట మన నోట రాకూడదు.

‘అందరూ దాస్తున్నారు. నేనొక్కణ్ణే చెబితే రెండు లక్షలు నష్టపోతాను’ అన్నది చివరి వాదన. దీనిని తేలిగ్గా కొట్టిపారేయలేం. నిజం చెబితే ధర తగ్గవచ్చు, బేరం తప్పిపోనూవచ్చు. అయితే ఆ రెండు లక్షలు దేని ధర? కారని స్లాబు ధర. అది ఆయన దగ్గర లేనే లేదు. లేనిదానికి రాని డబ్బును నష్టం అని ఎలా అంటాం?

మరి ఆయన ఏం చేయాలి? మేస్త్రీని పిలిచి స్లాబు నిజంగా బాగు చేయించాలి. స్తోమత లేకపోతే ఆ ఖర్చెంతో లెక్క కట్టించి ధరలో తగ్గించాలి. బోరు ఏ నెలలో ఎండుతుందో, నల్లా నీళ్ళు ఎలా వస్తాయో చెప్పి, ఆ మాట అగ్రిమెంటులో రాయించాలి. అన్నీ చెప్పినవాడు మిగిలిన ధర మీద ధైర్యంగా నిలబడవచ్చు. రిజిస్ట్రేషనులో కూడా అసలు మొత్తమే రాయాలి. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, అంతకు మించిన సొమ్మును నగదుగా తీసుకోవటాన్ని 2015 జూన్ నుండి చట్టం నిషేధించింది. కాగితం మీద ఒక ధర, చేతిలో మరో ధర అయితే అది సాక్షుల ముందు పలికిన అబద్ధమే.

కొనేవారికీ ఈ బాధ్యత ఉంది. అమ్మేవాని అవసరం చూసి గొంతు మీద కూర్చోకూడదు. హజ్రత్ జరీర్ (రజి) కోసం మూడు వందలకు బేరమైన గుర్రాన్ని చూసి, ఇది అంతకంటే ఎక్కువ విలువైనదంటూ ఆయనే ధర పెంచుకుంటూ పోయి ఎనిమిది వందలు ఇచ్చారు. ప్రతి ముస్లిం మేలు కోరతానని దైవప్రవక్త (స)కు చేసిన ప్రమాణాన్ని ఆయన మరువలేదు.

పూర్వకాలంలో ఒకతను స్థలం కొంటే అందులో బంగారం నిండిన కుండ దొరికిందని దైవప్రవక్త (స) తెలిపారు. నేను కొన్నది నేలనే, బంగారాన్ని కాదంటూ అతను దానిని తిరిగి ఇవ్వబోయాడు. నేల అమ్మినప్పుడే అందులోనిదంతా అమ్మేశానని అమ్మినవాడు తీసుకోలేదు. భూమిలో దొరికిన బంగారాన్నే వద్దనుకున్నవారు వాళ్ళు. గోడలో ఉన్న చెమ్మను దాచుకుని అమ్ముదామా మనం? అమ్మేవాడూ కొనేవాడూ నిజం పలికి, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే ఆ బేరంలో శుభం ఉంటుందని, దాచితే అది తొలగిపోతుందని హదీసు. కూతురి కొత్త సంసారానికి తండ్రి పంపవలసింది బర్కత్ ఉన్న సొమ్మునే.

అల్లాహ్ మన నోళ్ళకు నిజాన్ని, మన సంపాదనకు శుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.