కాదన్న కాగితం



ముత్యంపేట చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. కానీ జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుండి గల్ఫ్ ప్రయాణాలు అంతకు ఎంతో ముందటివి. దుబాయి పోయినవాడు మీ ఇంట లేకున్నా పక్కింట ఉంటాడు.

పదవ తరగతి పాసుకాని కూలీ అక్కడ పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ అధికారి నిరాకరిస్తే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వానికి అప్పీలు చేసుకోవచ్చు. ఈ సంగతి ఏజెంటు చెప్పడు. "విజిట్ వీసా మీద పంపిస్తా" అంటాడు. అలా పోయినవాడు గడువు దాటాక అక్కడ ఖల్లివల్లి అవుతాడు. జీతం ఎగ్గొట్టినా ఫిర్యాదుకు జంకుతాడు.

అధికారి కాదన్న తరువాత పైకి విన్నవించుకోవడం అవిధేయత అవుతుందా? మన పెద్దలు కొందరు అలాగే అనుకుంటారు. పునీత పౌలు ఫెస్తు ఎదుట నిలిచి తన వ్యాజ్యాన్ని కైసరుకు నివేదించుకున్నాడు. అయితే, చావుకు తగిన నేరం చేసివుంటే చావుకు వెనుదీయనని కూడ అదే నోట చెప్పాడు. ఈ రెండవ మాటను మనం తొందరగా మరచిపోతాము. అప్పీలు చేసేవాడు తన కాగితాలను కూడ తీర్పుకు పెడుతున్నాడు.

ఆ చట్టం కూలీని కాపాడడానికే వచ్చింది. ఒప్పందంలో జీతమో యజమానో అనుమానంగా ఉండి అధికారి ఆపివుండవచ్చు. అప్పుడు తప్పు ఎవరిది? ఏజెంటు చేతిలో డబ్బు పెట్టకముందే ఆ కాగితాన్ని చదువుకున్న పిల్లవాడిచేత తల్లి, భార్య వినేటట్లు ఇంట్లో చదివించండి.