కష్టమునకు విలువ గలదా?

ఒక పనిని కష్టపడి చేసినవానికిని, సుళువుగా చేసినవానికిని ఫలమొక్కటియే యైనప్పుడు, మొదటివానినే యధికుడని మనమేల తలచుచున్నాము? ఉపాధ్యాయునకు ఈ ప్రశ్న ప్రతిదినమును ఎదురగుచునే యుండును. లెక్కను మనస్సులో వేసికొన్న బాలుని మెచ్చుకొందుము. యంత్రముతో వేసినవానిని గద్దింతుము. అయినను దీనిని గూర్చి నేను నిలిచి యాలోచించినది బడిలో గాదు; ఫ్రాన్సు దేశమున, బర్గండీ సీమయందొక కొండ మొదట, సైకిలు దిగి, రొప్పుచు, దానిని చేతులతో నెట్టుకొని పోవుచున్నప్పుడు.

నా బావమరది పారిసు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. గత వేసవి సెలవులలో వానియింట కొన్నాళ్లుంటిని. రొమే రోలా వ్రాసిన రామకృష్ణ వివేకానందుల చరిత్రలను నేను కళాశాలలో నున్నప్పుడే ఇంగ్లీషున చదివితిని. ఆ మహాశయుడు కడపటి దినములు గడపి, 1944 డిసెంబరులో కన్నుమూసిన వెజలే గ్రామమును చూడవలెనని చిరకాలమునుండి కోరిక. "కారులో పోయిన నొక్క పూటలో చూచి రావచ్చును, కాని అవలోనునుండి సైకిలుపై పోదము, బావగారూ! పదునైదు కిలోమీటర్లే" యని వాడు ప్రోత్సహించెను.

దారి కూజే యను నేటి లోయలోనికి దిగును. రెండు వైపులను చెట్లు. అక్కడక్కడ పాత రాతి మిల్లులు. పోంతొబేరు గ్రామము దాటి, మిట్టపల్లముల మీదుగా పోయినచో క్యూర్ నదియొడ్డున సేన్‌పేర్ అను పల్లె వచ్చును. ఆ చేరువనే ఉప్పునీటి యూటలయొద్ద రోమనులు కట్టుకొన్న స్నానశాలల పునాదులు బయల్పడి యున్నవి. అటనుండి తలయెత్తి చూచినచో కొండ, కొండపై నూరు, ఊరికొననా పెద్ద దేవాలయము. నదికిని దేవాలయమునకును ఎత్తులో భేదము నూటయేబది మీటర్ల ప్రాంతముండును. తిరుమల చూచిన మనకిది కొండయే కాదు. నేనును అట్లే యనుకొంటిని.

"చిన్న గేరు వేసికొనుడు" అని బావమరది చెప్పెను. నేను వేసికొనలేదు. అది మోసమని నాకు తోచినది.

ఇచట గేరు సంగతి కొంచెము చెప్పవలెను. చక్రపు చుట్టుకొలత ఇంచుమించు 2.1 మీటర్లు. గొలుసు పట్టుకొను ముందుచక్రమునకు 50 పండ్లును, వెనుకదానికి 25 పండ్లును ఉన్నచో, పెడలు నొకసారి త్రిప్పగా బండి 4.2 మీటర్లు నడచును. ముందు 30, వెనుక 30 ఉన్నచో 2.1 మీటర్లే నడచును. అనగా కాలిపై బరువు సగమగును. త్రిప్పవలసిన సారులు రెట్టింపగును. శరీరమును పైకెత్తుటకు వలసిన మొత్తము పని రవ్వంతయు తగ్గదు. ఇది ఎనిమిదవ తరగతి పిల్లలకు నేనే చెప్పించు పాఠము. తెలిసియు మోసమనుకొంటిని.

ఈ భ్రమ నా యొక్కనిది గాదు. సేంతెత్యెన్ నగరవాసి పోల్ ద వివీ, వెలోసియో యను మారుపేరుతో ప్రసిద్ధుడు, తన పత్రికలో ఏండ్లతరబడి గేర్ల పక్షమున వాదించెను. సైకిలు యాత్ర దేశమును చూచుటకే గాని దేహమును నలుగగొట్టుకొనుటకు గాదని యతని మతము. ఎదుటిపక్షమున నిలిచినవాడు అన్రీ దెగ్రాంజ్. 1903లో ఫ్రాన్సు ప్రదక్షిణపు పందెమును స్థాపించినవాడు. గేర్లు నలువదియైదేండ్లు దాటినవారికే తగునని యతడెగతాళి చేసెనని చెప్పుదురు. 1902లో జరిగిన యొక పరీక్షలో మార్త్ ఎస్ అను వనిత మూడు గేర్ల బండిపై నెక్కి, ఒంటిగేరు బండిపై వచ్చిన పేరుమోసిన పందెగాని నోడించెననియు చెప్పుదురు. అయినను ఆ పందెమున గేరుమార్పిడి పరికరమునకు 1937 వరకు ప్రవేశము దొరకలేదు. నా వయస్సిప్పుడు నలువదియారు. దెగ్రాంజ్ లెక్కనైనను నాకనుమతి గలదు. నా యహంకారమే యనుమతింపలేదు.

మూడవ మలుపున కాళ్లు నిలిచిపోయినవి. దిగి నెట్టసాగితిని. అంతలో డెబ్బది యేండ్లకు మించిన దంపతులొకరు విద్యుత్తు సైకిళ్లపై నన్ను దాటుచు, "బోఁ కురాజ్" అని పలుకరించి పోయిరి. ధైర్యము, ధైర్యము అని దానియర్థము. ఆమె చెమట యైనను పట్టలేదు. నాకు కలిగినది సిగ్గు గాదు, ఏహ్యభావము. గేరు శ్రమను పంచును. మోటారు పరుల శ్రమను తెచ్చి కలుపును. ఈ భేదమును గట్టిగా పట్టుకొని నా ఓటమికి ఊరట కల్పించుకొంటిని. కాని ఆ ఊరట కొండపైదాక నిలువలేదు. ఆ నున్నని దారిని వేసినది నేనా? నా సంచిని మోయుచు ముందుపోవుచున్నది నేనా? ఆ దేశపు చట్టము ప్రకారము అట్టి బండి మోటారు, త్రొక్కినంతసేపే తోడ్పడి, గంటకు 25 కిలోమీటర్ల వేగమున నాగిపోవునట. అనగా ఆ ముసలమ్మయు త్రొక్కుచునే పోయినది. పరుల శ్రమ కలియని యాత్ర యెక్కడనున్నది?

వెజలే కొండకు వేరొక జ్ఞాపకమును గలదు. 1146 మార్చి 31వ తేదీన, ఈస్టరు పండుగనాడు, బెర్నార్డు యతి యీ కొండపక్కన నిలిచి, రాజు సమక్షమున, రెండవ మతయుద్ధమునకు జనులను పిలిచెను. ఆ దూరయాత్ర కష్టమే పాపములను కడుగునని జనులు నమ్మిరి. వారిలో ననేకులు అనటోలియా కొండలలోనే నశించిరి; మిగిలినవారు 1148లో డమాస్కసును ముట్టడించి, కొలది దినములకే వెనుదిరిగిరి. కష్టమును పుణ్యపు నాణెముగా చెలామణి చేసినచో, దానిని ముద్రించువారికి కొరత యుండదు.

దేవాలయపు ముఖమండపమున, లోపలి ద్వారముపై, 12వ శతాబ్దపు తొలిభాగమున చెక్కిన గొప్ప శిల్పము గలదు. క్రీస్తు శిష్యులను లోకమునకెల్ల పంపుచున్నాడు. క్రింది పట్టెపై ఆ కాలపువారు విని యూహించుకొన్న దూరదేశపు జనులందరును వచ్చుచున్నారు. చేటలంత చెవులవారున్నారు. వారి చెంత మరుగుజ్జు లున్నారు. అందొకడు గుఱ్ఱమునెక్కుటకు నిచ్చెన వేసికొనుచున్నాడు!

నాకు దానిని చూపినది ఆ ముసలమ్మయే. మావలెనే వారును లోనికి వచ్చియుండిరి. బావమరది నడుమ నుండి మాటలు తెలుపుచుండెను. ఆమె చిన్ననాడు తండ్రితో నీ కొండను ప్రతి వేసవిలో నెక్కెడిదట. మోకాలికి శస్త్రచికిత్సయైన పిమ్మట నాలుగేండ్లు రాలేకపోయినదట. "ఆ యంత్రము లేకున్న నేను మరల దీనిని చూచియుండను" అని యామె సామాన్యముగా, నాకు సంజాయిషీ చెప్పుచున్నట్లు గాక, చెప్పినది. నేను శిల్పముకేసి చూచితిని. పొట్టివాడు నిచ్చెన వేసికొన్నాడని శిల్పి వానిని వరుసనుండి త్రోసివేయలేదు.

అప్పుడు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఏడేండ్ల క్రిందట, డెబ్బదిరెండేండ్ల వయస్సున, ఆయన తిరుమలకు బస్సులో పోదమనిరి. నేను ఒప్పుకొనలేదు. నడచి యెక్కినదే దర్శనమని వాదించి, అలిపిరినుండి 3,500కు పైబడిన మెట్లను ఆయనచే నెక్కించితిని. గీత పదునేడవ యధ్యాయమున, మొండిపట్టుతో తన్ను పీడించుకొని చేయు తపస్సు తామసమని చెప్పిన సంగతి పిల్లలకు బోధించువాడనే. పరులను పీడించి చేయించు తపస్సునకు ఏ పేరు పెట్టవలెనో నే నాలోచింపలేదు. పైకి చేరునప్పటికి ఆయన కాళ్లు వణకుచుండెను. సన్నిధిలో నిలిచిన యా రెండు నిమిషములును కూర్చుండుటకు చోటెక్కడనని చుట్టును చూచుచుండిరి. దిగి వచ్చిన రాత్రి, "ఎక్కితిని నాయనా, చూడలేదు" అనిరి. ఆ మాటలో నిందలేదు. మరల వారు తిరుమలకు పోలేదు.

అట్లని శ్రమ వ్యర్థమనుటకు నేనొప్పను. ఈ మఠము మొదట నదియొడ్డుననే కట్టబడినది. తొమ్మిదవ శతాబ్దమున నార్మనులు దోచుకొనగా కొండపైకి మార్చిరి. ఈ సంగతిని పుస్తకమున ఒక పంక్తిగా చదివితిని. మూడవ మలుపున నిలిచి, క్రింద సేన్‌పేర్‌ను పైన ప్రాకారమును చూచినప్పుడు గాని, అది యెంతటి భయమున చేసిన పనియో నాకు తెలియలేదు. కారుకు కొండ తెలియదు, పిక్కలకు తెలియును. అయితే యిది తెలివిగాని పుణ్యము గాదు. ఒకనికి పిక్కలు తెలిపినది మరియొకనికి మరియొక దారిని తెలియవచ్చును.

సాయంకాలము రోలా నివసించిన యింటికి పోయితిమి, ఇప్పుడది చిత్రశాల. అతడు దుర్బల శరీరుడు. భారతదేశమున నొక్కసారియైన కాలుమోపలేదు. గాంధీగారిని కలిసికొన్నది 1931లో స్విట్జర్లాండునందు. దక్షిణేశ్వరమును గ్రంథములవలనను, పోయివచ్చిన వారివలనను ఎరిగి వ్రాసెను. కాలినడకను అచటికి పోయివచ్చినవారిలో నెందరు అతడు చూచినంత చూచిరి?

మరునాడు బాజోష్‌కు బయలుదేరితిమి. పదునాలుగవ లూయీకి కోటలు గట్టిన వోబాఁ తన కాగితపు కోటలనెన్నింటినో గీచుకొన్న భవనమచట నున్నది. పది కిలోమీటర్ల దారి. కొండ దిగగానే మరల మిట్ట. మిట్ట మొదటనే నేను వ్రేలితో మీటను నొక్కితిని. గొలుసు చిన్న చక్రముపైకి జారిన చప్పుడు విని, బావమరది వెనుదిరిగి చూచి, ఏమియు ననక ముందుకు సాగెను.