లాభంలో దైవం వంతు

లిస్టెడ్ కంపెనీ వార్షిక నివేదికలో పెద్దగా ఎవరూ తిప్పని పేజీ ఒకటుంది. ఒక్కో డైరెక్టరు జీతం, ఉద్యోగుల జీతాల్లో సరిగ్గా నడిమిదానికి ఎన్ని రెట్లో అందులో చెప్పాలి. 2013 కంపెనీల చట్టం 197వ సెక్షన్ పెట్టిన నియమం అది. హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీకి కంపెనీ సెక్రటరీగా ఉన్నన్నాళ్లూ ఆ పేజీ తయారుచేసింది నేనే. హెచ్‌ఆర్ వాళ్లు పంపిన ఎక్సెల్ షీటులో జీతాలన్నీ వరుసలో పెట్టి, నడిమి గడి దగ్గర ఆగేదాన్ని.

నివేదికలో అచ్చయ్యేది ఒట్టి అంకె. షీటులో మాత్రం దాని పక్కన ఉద్యోగి నంబరు, హోదా, చేరిన తేదీ కనిపిస్తాయి. ఒక ఏడాది ఆ గడిలో ఉన్నది టాబ్లెట్లు కొట్టే మెషీన్ ఆపరేటరు. మేనేజింగ్ డైరెక్టరు జీతం ఆయన జీతానికి వంద రెట్లు దాటింది. ప్యాకింగ్ హాల్లో, క్యాంటీన్లో, గేటు దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లయితే ఆ షీటులోనే లేరు. కంపెనీ రోల్స్‌లో లేనివాళ్లు ఈ లెక్కలోకి రారు.

అంత తేడా న్యాయమేనా అని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటుందని నాకనిపిస్తుంది. ఈ లాభం చేసిందెవరు? పని ఎవరిదో తేలితేగాని ఫలం ఎవరిదో తేలదు.

ఎండీకి వచ్చేదాంట్లో నెల జీతం తరచు చిన్న భాగమే. బరువంతా లాభం మీద వచ్చే కమీషన్‌లోనూ, ఈసాప్‌లలోనూ, అంటే ముందే కట్టిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కులోనూ, ఉంటుంది. ప్రమోటర్లకు ఈసాప్‌లు ఇవ్వకూడదని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన, కాబట్టి వాళ్లకు కమీషనే ముఖ్యం. ఒక్క ఎండీ ఉంటే నికరలాభంలో 5 శాతం, డైరెక్టర్లందరికీ కలిపి 11 శాతం అని చట్టం గీత గీసింది. వాటాదారులు ప్రత్యేక తీర్మానం చేస్తే ఆ గీతా దాటవచ్చు. ఈ ఏర్పాటంతటి వెనక ఉన్న నమ్మకం ఒక్కటే: లాభం పెరిగిందంటే అది ఆయన చేసిన పని.

భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం ఈ నమ్మకాన్ని ఒప్పుకోదు. ఏ పని జరగాలన్నా ఐదు కూడాలంటుంది: పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, ఐదోది దైవం. ఈ ఐదూ ఉండగా తానొక్కడే కర్తనని అనుకునేవాడికి ఉన్నది ఉన్నట్టు కనపడదని కూడా చెబుతుంది. పూజగదిలో చదివిన ఈ మాట నాకు ఆఫీసులోనే అర్థమైంది.

2013 మే నెలలో డాలరుకు 55 దగ్గరున్న రూపాయి ఆగస్టు ఆఖరుకు 68 దాటి పడిపోయింది. మాది అమెరికాకు మందులు పంపే కంపెనీ. అవే మెషీన్లు, అవే షిఫ్టులు, అవే టాబ్లెట్లు. చేతికొచ్చే రూపాయలు మాత్రం పెరిగాయి, లాభంతోపాటు కమీషనూ పెరిగింది. రూపాయిని పడేసింది మా ఎండీ కాదు. అది ఐదోదాని పని. దాని ఫలం మాత్రం రెండోవాడి ఖాతాలో పడింది.

ఇది మా ఒక్క కంపెనీ ముచ్చట కాదు. మరియన్ బెర్‌ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు 2001లో అమెరికా కంపెనీల మీద ఇదే పరిశీలించారు. ప్రపంచ మార్కెట్లో చమురు ధర పెరిగితే చమురు కంపెనీల సీఈవోల జీతాలూ పెరిగాయి. మారకపు రేటు కలిసొచ్చినచోటా అంతే. బోర్డులో పెద్ద వాటాదారు కూర్చుని కనిపెట్టుకుని ఉన్న కంపెనీల్లో ఈ ధోరణి తక్కువ.

మంచి ఎండీకి ఎక్కువ ఇవ్వడం తప్పని నేననను. ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) హెచ్చరిక లేఖ అందుకున్న ప్లాంటును మళ్లీ దారిన పెట్టాలంటే, నష్టమని తెలిసీ సరుకు ఆపగల గుండె కావాలి. ఆ నిర్ణయం ఆయనదే, దాని ఫలమూ ఆయనకు దక్కాలి.

మనవాళ్లు ఇంకో మాటంటారు: పెట్టి పుట్టాడు, తింటున్నాడు, నీకెందుకు? పూర్వజన్మ సుకృతం సంగతి నేను కాదనను. కానీ ఎండీ జీతం నుదుటిన రాసి వచ్చింది కాదు. నామినేషన్, రెమ్యునరేషన్ కమిటీ మాట్లాడుకుంటే తీర్మానం ముసాయిదా నేను రాశాను, వాటాదారులు ఓట్లు వేశారు. మనుషులు రాసినదాన్ని మనుషులు మార్చగలరు. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో ఎండీగా సిద్ధార్థ లాల్ పునర్నియామకం, వేతనం కలిపి తెచ్చిన ప్రత్యేక తీర్మానాన్ని వాటాదారులు ఓడించారు. కంపెనీ వేతన పరిమితిని తగ్గించుకుని మళ్లీ వాళ్ల ముందుకే వెళ్లాల్సి వచ్చింది.

నేను కోరేది కష్టమైనదేమీ కాదు. కమీషన్ కట్టేముందు అదే రంగంలోని మిగతా కంపెనీల లాభం పక్కన పెట్టి చూడాలి. అందరికీ కలిసొచ్చినదాన్ని తీసేసి, మిగిలినదానికే కమీషన్ ఇవ్వాలి. ఈసాప్ షేర్లు ఏళ్ల తరబడి అమ్మకుండా ఉంచాలి, లెక్కలు తప్పని తేలితే ఇచ్చింది వెనక్కి తీసుకోవాలి. నడిమి జీతం లెక్కలో కాంట్రాక్టువాళ్లను కలపాలి, వాళ్లూ సాధనాల్లోనూ ప్రయత్నాల్లోనూ ఉన్నవాళ్లే కనుక.

దేవతలు ఇచ్చినదాన్ని తిరిగి వాళ్లకు అర్పించకుండా అనుభవించేవాణ్ణి గీత మూడో అధ్యాయం దొంగ అంటుంది. దైవం ఇచ్చిన లాభం ప్లాంటు భద్రతకో, ఆపరేటరు బోనస్‌కో, చెడ్డ ఏడాదిని తట్టుకునే నిధికో పోవాలి. ఏ ఒక్కరి చేతిపనీ కానిదానికి ఏ ఒక్కరూ జీతం తీసుకోకూడదు.