చిత్రశాలలో ‘మన’ అనే మాట

ఒక పట్టణం తన చిత్రకారులకోసం, తన నేలను చూపే చిత్రాలకోసం ఒక చిత్రశాల కట్టుకోవాలని తలపెట్టినప్పుడు వివేకవంతులనుంచి తరచు వచ్చే ఆక్షేపణ ఒకటుంది. కళకు ఊరేమిటి? మంచి చిత్రం ఎక్కడిదైనా మంచిదే. మనవాడన్న అభిమానంతో గోడకెక్కించిన బొమ్మ అభిరుచికి చేసే మేలేమిటి? ఈ ఆక్షేపణలో నిజం లేకపోలేదు. అయితే అసలు చిక్కు ‘మన’ అనే ఆ చిన్న మాటలోనే ఉంది.

హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లినవారు మేలిముసుగు రెబెకా విగ్రహం ముందు నిలబడిపోతారు. పాలరాతిలో పలుచని వస్త్రాన్ని చూపిన బెంజోనీ నేర్పుకు ఆశ్చర్యపోతారు. అక్కడ ప్రేక్షకుడు అతిథి. రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలలో అతడు సాక్షి. గోదావరిని నిత్యం చూసే కళ్లతోనే చిత్రంలోని గోదావరినీ చూస్తాడు. నీటిమీద సాయంకాలపు వెలుగు అలా ఉంటుందో ఉండదో తేల్చగలిగినవాడు అతడే. రాజధానిలోని విమర్శకుడు రేఖను, వర్ణాన్ని పరీక్షించగలడు గాని ఈ పరీక్ష పెట్టలేడు. స్థానిక చిత్రశాల అభిమానానికి ఆశ్రయమే కాదు, కఠినమైన న్యాయస్థానం కూడా.

రామారావు 1897లో ఆ ఊళ్లో పుట్టాడు. అతనిలోని చిత్రకారుణ్ణి గుర్తించి ప్రోత్సహించినవాడు అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్, ఆంగ్లేయుడైన ఆస్వాల్డ్ కూల్డ్రే. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగివచ్చి, స్వస్థలంలోనే చిత్రకళాభ్యాసానికి ఒక నెలవు ఏర్పరచాడు. 1925లో మశూచికం అతణ్ణి తీసుకుపోయేనాటికి ఇరవయ్యెనిమిదేళ్లు నిండలేదు. వరదా వెంకటరత్నం వంటి సహచరులు ఆ పనిని నిలబెట్టారు. ఒక ఆంగ్లేయుని ఆదరం, బొంబాయి శిక్షణ, గోదావరి గట్టు, ఈ మూడూ కలిస్తేనే ఆ ‘మన’ చిత్రకారుడు తయారయ్యాడు. తలుపులు మూసుకున్న ఊళ్లో అతడు పుట్టి ఉండేవాడేమో గాని, చిత్రకారుడయ్యేవాడు కాదు.

ఇంతవరకు చిక్కు లేదు. ప్రకృతి దృశ్యాల దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న బరువెక్కుతుంది. రామారావు తూర్పు కనుమల నడుమ పారే గోదావరిని కూడా చిత్రించాడు. పట్టణవాసి ఆ చిత్రం చూసి, ఇది మన నది, మన కొండలు అనుకుంటాడు. ఆ కొండలు కోయలవి, కొండరెడ్లవి కూడా. చిత్రంలో దూరపు నీలిఛాయగా కనిపించేది వారికి పోడు, పుట్ట, పూర్వుల సమాధి. పోలవరం ప్రాజెక్టు జలాశయంలోకి వెళ్లవలసిన గ్రామాలెన్నో ఆ లోయలోనే ఉన్నాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికే ఇళ్లు విడిచి పునరావాస కాలనీలకు చేరాయి. పొలం పట్టణవాసిది కాదు, ఇల్లు అతనిది కాదు. గోడమీది దృశ్యం మాత్రం అతనిది.

ప్రాజెక్టు మంచిచెడ్డల తీర్పు ఇక్కడ చెప్పబోవడం లేదు. నిజానికి రామారావు చూసిన గోదావరి కూడా మానవహస్తం సోకని నది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికే పూర్తయింది. రాజమహేంద్రవరం దగ్గర నది అంత నిండుగా, అంత నిశ్చలంగా కనిపించడంలో ఆ ఆనకట్ట పాలు కూడా ఉంది. డెల్టా అన్నం తింటున్నది దానివల్లనే. కనుక చిత్రపటాన్ని చూపి, పూర్వం ఎంత నిర్మలమో అని నిట్టూర్చడం కూడా ఒక రకం అసత్యమే. నిట్టూర్పుకు ఖర్చు లేదు, బహుశా అందుకే అది అంత సులభంగా వస్తుంది. నా అనుమానమల్లా వేరు. అందంగా చట్రం కట్టి భద్రపరిచిన దృశ్యం, అసలు నేలమీద జరిగేదాన్ని చూడవలసిన పని లేదన్న తృప్తిని మనకు కలిగిస్తుందేమో! బొమ్మ మిగిలింది కదా అనుకోవడంలో ఒక క్రూరత్వం ఉంది. అది మర్యాదస్తుల క్రూరత్వం కాబట్టి పట్టుబడదు.

దీనికి విరుగుడుగా చిత్రశాలలు మూసేయమనరాదు. కొత్తగా కట్టేవారు ప్రతి దృశ్యచిత్రం కింద చిత్రకారుని పేరు, సంవత్సరంతోపాటు మరి రెండు పంక్తులు రాయాలని మాత్రం అడగవచ్చు: అది ఏ ఊరి రేవు, ఏ గూడెం కొండ, అక్కడ ఎవరు ఉండేవారు, ఇప్పుడు ఎక్కడ ఉన్నారు. ఆ పంక్తులు రాయడానికి అధికారి ఎవరైనా ఆ కాలనీలకు వెళ్లి అడగవలసి వస్తుంది. వారిలో ఒకరిద్దరిని ప్రారంభోత్సవానికి పిలిస్తే, చిత్రంముందు నిలబడి, కొండ ఇటువైపు కాదు, అటువైపు వంగి ఉంటుందని వారు చెప్పినా చెప్పవచ్చు.