పాలు లేవు, నెయ్యి లేదు, గుడ్డు లేదు: ధనుర్మాసంలో ఒక క్రిస్మస్ కేకు

ఈ వారం వీడియోలో తిరుప్పావై రెండో పాశురం చెప్పుకున్నాం కదా. అప్పుడు మా ఇంటి విషయం ఒకటి నోటి దాకా వచ్చి ఆగిపోయింది. చెప్పాలంటే కొంచెం సిగ్గనిపించింది. అది ఇక్కడ రాస్తున్నాను.

మాది మహబూబ్‌నగర్. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా పక్కింటి ఆంటీవాళ్ళు క్రైస్తవులు. చిన్నప్పుడు ప్రతి క్రిస్మస్‌కి ఆంటీ ప్లేట్ నిండా కేకు పంపేది. అది ధనుర్మాసం. గుడ్డు పడ్డది నాయినమ్మ ముట్టదు. మేము నవ్వుతూ తీసుకునేవాళ్ళం, తలుపేశాక పారేసేవాళ్ళం. ఒకసారి ఆంటీ ఏదో పని మీద మా పెరట్లోకి వచ్చి, చెత్తబుట్టలో ఆ కేకు చూసింది. ఒక్క మాట కూడా అనలేదు. మరుసటి ఏడాది నుంచి కేకు బదులు అరటిపండ్లు పంపింది. "పండ్లయితే మీకు పట్టింపు ఉండదు కదా" అంది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. ఆ మాట ఇప్పటికీ గుర్తుంది.

ఇప్పుడు పాశురంలోకి వద్దాం. గోదాదేవి వ్రత నియమాలు చెప్తుంది: నెయ్యి తినం, పాలు తాగం, కాటుక పెట్టుకోం, పూలు ముడుచుకోం. మనలో చాలామంది ఇక్కడిదాకానే గుర్తుపెట్టుకుంటాం. కానీ అదే పాశురంలో ఇంకా ఉంది: చేయకూడని పని చేయం, ఒకరి మీద చాడీలు చెప్పం, చేతనైనంత ఇస్తాం. తిండి నియమాన్నీ, మనుషులతో నడుచుకునే నియమాన్నీ అమ్మ ఒకే పాశురంలో పెట్టింది. మేము మొదటిది పాటించి, రెండోదాన్ని చెత్తబుట్టలో వేశాం.

గుడ్డు తినకపోవడం తప్పా? కాదు, వ్రతం వ్రతమే. "అమ్మా, ఈ నెల మేము గుడ్డు తినం" అని వాకిట్లోనే చెప్పి ఉంటే ఆంటీ ఏమీ అనుకునేది కాదు. తప్పు దాచడంలో ఉంది. గీత 17వ అధ్యాయంలో, గౌరవం లేకుండా చులకనగా ఇచ్చింది తామస దానమని భగవానుడు అంటాడు. నాకు అనిపించేది ఏంటంటే, చులకనగా తీసుకోవడం కూడా దానికేం తక్కువ కాదు.

పోయిన డిసెంబర్‌లో సెలవు మీద ఇంటికొచ్చాను. ఆంటీ మనవరాలికి ఆరేళ్ళు. పాలు, గుడ్డు రెండూ పడవు, అలర్జీ. ఇంటి నిండా కేకులున్నా ఆ పాప తినేది ఒక్కటీ లేదు. నాయినమ్మకేమో వ్రతం. ఇద్దరూ తినగలిగే కేకు ఒకటి చేస్తే?

పద్ధతి ఇదీ. ఒకటిన్నర కప్పు మైదా, కప్పు చక్కెర, మూడు టేబుల్ స్పూన్ల చక్కెర కలపని కోకో పొడి (ప్యాకెట్ మీద పాలు లేవని చూసుకోండి), టీస్పూన్ బేకింగ్ సోడా, అర టీస్పూన్ ఉప్పు కలపాలి. ఐదు టేబుల్ స్పూన్ల నూనె, టేబుల్ స్పూన్ నిమ్మరసం, కప్పు నీళ్ళు పోసి తిప్పాలి. వెనీలా ఎసెన్స్ కొన్నింటిలో ఆల్కహాల్ ఉంటుంది, అందుకే నేను యాలకుల పొడి వేశాను. నిమ్మలోని పులుపు సోడాకి తగలగానే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, గుడ్డు లేకున్నా పిండి పొంగేది దాంతోనే. అందుకని కలిపిన వెంటనే, ముందే వేడి చేసి పెట్టుకున్న ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర దాదాపు 20 నిమిషాలు. మొదటి ట్రే పిండి కలిపి ఆఫీస్ కాల్‌కి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి పొంగంతా పోయింది, కేకులు రొట్టెల్లా వచ్చాయి. రెండోసారికి ఫోన్ ఆపేశాను.

పన్నెండు కప్ కేకులు వచ్చాయి. దేవుడి ముందు పెట్టి పంచుదామని పళ్ళెం ఎత్తాను. నాయినమ్మ ఆపింది.

"ఆగు బిడ్డా. దేవునికి వెట్టినయి వాళ్ళు తింటరో తినరో. వాళ్ళ నియమం వాళ్ళది. వాళ్ళకియ్యాల్సినయి ముందుగాల్నే పక్కకు తియ్యి."

నాకు నోట మాట రాలేదు. నేను మా వ్రతం గురించే ఆలోచించాను, ఆమె వాళ్ళ విశ్వాసం గురించి కూడా ఆలోచించింది. పదింటిని వేరే పెట్టి, రెండు మాత్రం మా ఇంటి దేవుడి ముందు పెట్టాం. (గుడిలో నైవేద్యానికి ఆగమ నియమాలు వేరు, అది నేను చెప్పేది కాదు.)

"అప్పుడు కేకు ఎందుకు పారేశాం నాయినమ్మా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కురుమూర్తి జాతర గురించి చెప్పింది. వడ్డెమాన్‌లో చెప్పులు కుట్టే ఇంటివాళ్ళు తోలుతో చేసిన స్వామి పాదుకలు, మనం ఉద్దాలంటాం, ఊరేగింపుగా కొండకొస్తాయి. జనం వాటిని నెత్తికి ఆనించుకుంటారు. "ఆ చేతుల పనిని సామే కాదనలే. నేను పక్కింటి పిల్ల చేతి కేకును పారేస్తి. తప్పే" అంది.

క్రిస్మస్ పొద్దున పళ్ళెం నాయినమ్మే పట్టుకెళ్ళింది. "గుడ్డు లేదు, పాలు లేవు. పాప తింటది, నేను తింట" అని అక్కడే కూర్చుని పాపతో పాటు ఒకటి తింది. ఆంటీ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఖాళీ పళ్ళెం ఇవ్వకూడదని దాంట్లో గుప్పెడు చక్కెర పోసి పంపింది. ఆ చక్కెరతోనే జనవరి 11న, కూడారై నాడు, మా ఇంట్లో పొంగలి వండాం.

ఇరవై ఏడో పాశురంలో వ్రతం ఫలించాక, వదిలేసిన పాలూ నెయ్యీ తిరిగొస్తాయి. కానీ అమ్మ అడిగేది అందరూ కలిసి కూర్చుని తినడం. ఈ నెల మీరేం మానేశారో రాసుకోండి, మంచిదే. దాని పక్కనే, ఎవరితో కలిసి కూర్చోవడం మానేశారో కూడా రాయండి. ఆ పేరున్న ఇంటి తలుపు సంక్రాంతి లోపు ఒక్కసారి తట్టండి.

జై శ్రీమన్నారాయణ!